అమ్మ వీణ

పొద్దున పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాను. ఫిర్యాదు మొన్నే ఇచ్చాం, వీణ వివరాలు ఇంకా కావాలని రమ్మన్నారు. మేం పెళ్ళి నుంచి వచ్చేసరికి తలుపు తాళం పగలగొట్టి ఉంది. వెండి కుందులు, కొంత డబ్బు, పెట్టెతో సహా అమ్మ వీణ పోయాయి. కుందులు మళ్ళీ కొనుక్కోవచ్చు.

"గుర్తులేమైనా చెప్పండి మేడమ్" అన్నారు రైటర్. మొదలుపెట్టాక ఆపలేకపోయాను. బొబ్బిలి వీణ, గొల్లపల్లిలో చేసింది. కుండ, దండి, చివరనున్న సింహం లాంటి యాళి తల అన్నీ ఒకే పనస దుంగలో చెక్కిన ఏకాండి, ఎక్కడా అతుకు ఉండదు. 24 మెట్లు. వాయించే తంతులు నాలుగు, తాళానికి పక్కన మూడు. యాళి ఎడమ చెవి కొస విరిగింది. మొదటి తంతి సారణి కింద మెట్ల మీద అమ్మ సాధనకి గాడులు పడ్డాయి. ఆయన యాళి అంటే ఏమిటని అడిగి మరీ ఓపిగ్గా రాసుకున్నారు.

ఆయనకి చెప్పనిది ఒకటుంది. అమ్మ ఉండగా చివరిసారి మేళం కట్టించినప్పుడు, అంటే మెట్లు శ్రుతికి సరిగ్గా అమర్చించినప్పుడు, పనాయన మా హాల్లోనే కూర్చుని, బొగ్గుపొడి కలిపిన మైనం మీద ఒక్కో మెట్టూ పెట్టి, మీటి, విని, జరిపాడు. అమ్మ పక్కనే కూర్చుని "ఇంకో వెంట్రుకవాసి పైకి నాయనా" అంటూ అంతర గాంధారం అనే స్వరం దగ్గర ఎంతకీ ఒప్పుకోలేదు. ఆవిడ చెవికి నచ్చిన ఆ స్వరస్థానం ఆ మైనంలోనే ఉంది. వీణ దొరికినా, మెట్లు కదిలిపోతే అది మళ్ళీ రాదు. ఎవరు కట్టినా వాళ్ళ చెవితో కడతారు.

గురువారం కదా, మధ్యాహ్నం తమ్ముడితో గురువారం పాత సామాన్ల సంత జరిగే జుమ్మెరాత్ బజార్ అంతా తిరిగాను. పాత ఫ్యాన్లు, ఇత్తడి సామాన్లు, మెట్లు ఊడిన ఒక హార్మోనియం కనిపించాయి. వీణ లేదు. ఎండ మాడిపోతోంది. ఏ రేకుల షెడ్డులో పెట్టారో, మైనం మెత్తబడుతోందేమోనని ఒకటే టెన్షన్.

సాయంత్రం ఫోటో పెట్టి సంగీతం వాళ్ళందరికీ వాట్సాప్‌లో పంపాను. గుర్తులన్నీ రాసి, చివర "ఎవరి దగ్గరున్నా సరే, దయచేసి ఎండ తగలనివ్వకండి" అని రాశాను. దొంగ ఇది చదువుతాడా అక్కా, ఆ వాక్యం తీసెయ్ అన్నాడు తమ్ముడు. తీయలేదు.