ఇండియా ట్రిప్పులో కట్టించుకున్న పళ్ళ బ్రిడ్జి ఎన్నేళ్ళు ఉంటుంది?

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి ఊళ్ళలో డెంటల్ క్లినిక్‌కి వెళ్తే, కుర్చీ పక్కన నోట్లో నీళ్ళు లాగే సక్షన్ గొట్టం పట్టుకుని నిలబడిన అసిస్టెంటు ఆంధ్రాలోనో తెలంగాణలోనో బీడీఎస్ చదివిన అమ్మాయి అయ్యుండొచ్చు. నేనూ అలాంటిదాన్నే. గుంటూరు వైపు నుంచి డిపెండెంట్ వీసా మీద వచ్చాను, వర్క్ పర్మిట్ చేతికొచ్చాక టెక్సస్‌లో అసిస్టెంటుగా రిజిస్టర్ చేయించుకుని ఎక్స్‌రేలు తీస్తూ, టెంపరరీ క్యాపులు (పన్ను మీద తాత్కాలికంగా వేసే తొడుగులు) చేస్తూ, పేషెంట్లకి క్లీనింగ్ నేర్పిస్తూ పనిచేస్తున్నాను. ఇక్కడ డాక్టరుగా కూర్చోవాలంటే డెంటిస్టులకి పెట్టే ఐఎన్‌బీడీఈ అనే జాతీయ పరీక్ష పాసై మళ్ళీ రెండు మూడేళ్ళు ఇక్కడి కాలేజీలో చదవాలి, ఆ ఖర్చు చాలాచోట్ల రెండు లక్షల డాలర్లు దాటుతుంది. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను. ఈసారి బ్రిడ్జిల గురించే, అంటే పోయిన పన్ను స్థానంలో పక్క పళ్ళ ఆధారంతో కట్టే పళ్ళ గురించి.

తెలుగు పేషెంటు వస్తే మా డాక్టరు నన్ను పిలుస్తారు. వాళ్ళకి ఇంగ్లిషు రాక కాదు, చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్ళే. కానీ ఇంగ్లిషులో మూడు మాటల్లో తేల్చేసిన మనిషే తెలుగు వినబడగానే మొత్తం చెప్తారు, ఏ ఊళ్ళో కట్టించుకున్నారు, ఎవరి పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఎన్ని రోజుల్లో అయిపోయింది, అప్పటినుంచి ఆ పక్కన నమలడం ఎందుకు మానేశారు, అన్నీ. అవి వినీ వినీ ఇది రాయాలనిపించింది.

అందరూ అడిగేది ఒకటే, ఇది ఎన్నేళ్ళు వస్తుందండీ అని. అటూ ఇటూ ఉన్న పళ్ళని అరగదీసి క్యాపులు వేసి, మధ్యలో లేని పన్నుని వాటికి కలిపి కట్టే మామూలు బ్రిడ్జిలు 10 ఏళ్ళ తర్వాత కూడా నూటికి దాదాపు 90 నోట్లోనే ఉంటున్నాయని, ఎన్నో కేసులు కలిపి చూసిన పరిశోధనల్లో తేలింది. ఒక పక్కే ఆధారం ఉండి రెండో పక్క గాలిలో ఉండే క్యాంటిలీవర్ రకం అయితే ఆ లెక్క 80 దగ్గరికి దిగుతుంది. బాగా చూసుకుంటే 15, 20 ఏళ్ళు ఉన్నవీ నేను చూశాను, మూడేళ్ళకే తీసేయాల్సి వచ్చినవీ చూశాను. ఈ తేడా ఎక్కువగా వచ్చేది పింగాణీ దగ్గర కాదు. జిర్కోనియాకి (క్యాపులు చేసే తెల్లటి గట్టి పదార్థం) పుచ్చు పట్టదు, లోహానికి పట్టదు, దాని కింద మోస్తున్న మన సొంత పన్నుకి పడుతుంది. ముగ్గురి బరువుని ఇద్దరు మోస్తున్నారు, ఆ ఇద్దరిలో ఒకరు కూలబడితే మొత్తం దిగిపోతుంది.

అందుకే ఇండియా నుంచి తెచ్చుకున్న వారంటీ కార్డు చూపించి "15 ఏళ్ళ గ్యారంటీ ఇచ్చారండీ" అన్నప్పుడు నాకు చెప్పడం కష్టంగా ఉంటుంది. ఆ కార్డు జిర్కోనియా విరిగితే మార్చి ఇస్తామని చెప్తుంది. కింద పన్ను పుచ్చితే, చిగురు జారితే, వేరు చీలితే దానికి సంబంధం లేదు. ఆ పళ్ళకి వారంటీ ఇచ్చేవాళ్ళు ఎక్కడా లేరు, ఇండియాలో లేరు, అమెరికాలో లేరు.

ఇక సెలవుల్లో ఇండియా వెళ్ళి చేయించుకునే సంగతి. ఇక్కడ బ్రిడ్జికి పన్ను లెక్కన బిల్లు వేస్తారు, ఒక్కోదానికి వెయ్యి డాలర్లు దాటడం మామూలే, అంటే మూడు పళ్ళ బ్రిడ్జికి మూడు నాలుగు వేలు. ఇన్సూరెన్సు ఏడాదికి వెయ్యి నుంచి రెండు వేల వరకే ఇస్తుంది, బ్రిడ్జి లాంటి పెద్ద పనికి ఖర్చులో సగమే కడుతుంది, కొత్తగా చేరితే ఏడాది ఆగమనే ప్లాన్లు ఉన్నాయి, పాలసీ మొదలవకముందే పోయిన పన్నుకి ఏమీ ఇవ్వం అనే షరతు పెట్టే ప్లాన్లు కూడా ఉన్నాయి. కొత్తగా దిగిన కుర్రాళ్ళకి ఈ చివరిదే ఎక్కువ దెబ్బ. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో లోహం మీద పింగాణీ అయితే పన్నుకి ఐదారు వేల రూపాయల్లో అయిపోతుంది. కాబట్టి వెళ్ళినప్పుడు చేయించుకుందాం అనుకోవడంలో తప్పేమీ లేదు. అక్కడి డాక్టర్ల చేతిపని నాకు తెలుసు, నేను నేర్చుకున్నదీ అక్కడే, చాలా మంచి పని చేసేవాళ్ళు ఉన్నారు. లేనిదల్లా టైము.

మూడు వారాల సెలవు. దిగిన మూడో రోజు పిప్పి పన్ను పీకించుకుంటారు, గుడి, పెళ్ళి, బంధువులు, పంతొమ్మిదో రోజుకి బ్రిడ్జి సిమెంటు పెట్టించుకుంటారు, రెండు రోజుల్లో ఫ్లైటు. ఇక్కడే అసలు నష్టం జరుగుతుంది. పన్ను పీకిన చోట ఎముకా చిగురూ కుంగుతాయి, ఆ కుంగడంలో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. ఆ రోజు చిగురుకి ఆనుకుని ముచ్చటగా కనబడిన మధ్య పన్ను కింద ఆరు నెలలకల్లా సందు ఏర్పడుతుంది. అన్నం మెతుకు, కందిపప్పు, ఆవకాయ ముక్క పీచు అన్నీ అక్కడికే చేరతాయి. పేషెంటు "బ్రిడ్జి లూజయింది" అంటారు, బ్రిడ్జి గట్టిగానే ఉంటుంది, చిగురు కిందకి వెళ్ళిపోయింది అంతే. పీకిన తర్వాత రెండు మూడు నెలలు ఆగి, ఈలోపు టెంపరరీతోనో ఖాళీగానో ఉండి, అప్పుడు కొలత ఇవ్వాలి. ఈ మాట అక్కడి డాక్టరు చెప్పే ఉంటారు, కానీ ఎదురుగా కూర్చున్న మనిషి "శుక్రవారం ఫ్లైటు డాక్టరుగారూ, ఎలాగో చేసెయ్యండి" అంటుంటే ఎవరైనా ఏం చేస్తారు!

ఇంకో చిక్కు, కొత్త బ్రిడ్జి ఎత్తు సరిపోయిందో లేదో మత్తు దిగి నాలుగు రోజులు మామూలుగా తిన్నాకే తెలుస్తుంది. కాస్త ఎత్తుగా ఉంటే ప్రతి ముద్దకీ ఆ పన్ను దెబ్బ తింటుంది, చల్లటి నీళ్ళకి జిల్లుమంటుంది. ఐదు నిమిషాల్లో అరగదీసి సరిచేసే పని అది. సిమెంటు పెట్టాక కనీసం వారం రోజులు అక్కడే ఉండేలా చూసుకోండి.

క్లీనింగ్ దగ్గరికొస్తే నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఎక్కువమందికి ఎవరూ చూపించనేలేదు. మామూలు ఫ్లాస్ (పళ్ళ సందుల్లో రుద్దే దారం) పై నుంచి దిగదు, మూడూ కలిసే ఉంటాయి కదా. దానికి ఫ్లాస్ థ్రెడర్ అని మెత్తటి ప్లాస్టిక్ సూది ఉంటుంది, వాల్‌మార్ట్‌లోనూ మందుల షాపుల్లోనూ కొద్ది డాలర్లకే ప్యాకెట్ దొరుకుతుంది. దారం ఎక్కించి బుగ్గ వైపు నుంచి మధ్య పన్ను కిందకి దూర్చి నాలుక వైపు లాగి, పన్ను అడుగునా, తర్వాత అటూ ఇటూ ఉన్న రెండు పళ్ళ పక్కలా మెల్లగా రుద్దాలి. ఒక కొస గట్టిగా ఉండి మధ్యలో స్పాంజిలా ఉబ్బే సూపర్ ఫ్లాస్ అయితే సూది కూడా అక్కర్లేదు. రోజుకి ఒక్కసారి, రాత్రి పడుకునే ముందు. అద్దం ముందు నేను చేసి చూపించి, వాళ్ళ చేత చేయించి, మొదటిసారి ఆ దారం బయటికొచ్చినప్పుడు వాసన చూడమంటాను. ఆ తర్వాత మళ్ళీ చెప్పాల్సిన పని ఉండదు. మొదట్లో రక్తం రావడం మామూలే, అది చిగురు వాపు, రోజూ చేస్తే తగ్గుతుంది. రెండు వారాలైనా తగ్గకపోతే చూపించుకోండి. వాటర్ ఫ్లాసర్ (నీళ్ళ ధారతో పళ్ళ సందులు కడిగేది) మంచిదే, తక్కువ ప్రెషర్‌తో మొదలుపెట్టండి, కానీ అది ఉందని దారం మానకండి. నీళ్ళు మెతుకుల్ని తోస్తాయి, అతుక్కున్న పాచిని దారమే తీస్తుంది.

నాకు అన్నిటికన్నా భయం పూర్తిగా ఊడొచ్చిన బ్రిడ్జి కాదు, సగం ఊడింది. ఒక పక్క సిమెంటు కరిగిపోతుంది, రెండో పక్క గట్టిగా పట్టుకుని ఉంటుంది, పేషెంటుకి కదలిక కూడా తెలియదు. ఊడిన క్యాపు కిందకి ఉమ్ము, తీపి, క్రిములు చేరి పన్నుని లోపలినుంచి తినేస్తాయి. ఆ పన్నుకి ముందే రూట్ కెనాల్ అయ్యుంటే నొప్పి కూడా రాదు, నరం లేదు కదా. పైన లోహం ఉంటే ఎక్స్‌రేలో లోపల ఏముందో కనబడదు, అంచులే కనబడతాయి. ఒక పక్క ఉప్పగానో చేదుగానో రుచి వస్తున్నా, ఎంత తోమినా అక్కడినుంచే వాసన వస్తున్నా, వేలితో నొక్కితే క్యాపు అంచున చిన్న బుడగలు కనబడినా ఆలస్యం చేయకండి. ఆ దశలో దొరికితే చాలా కేసుల్లో తీసి, శుభ్రం చేసి మళ్ళీ పెట్టొచ్చు. సంవత్సరం ఆగితే ఆ పన్ను తీసేయాల్సి రావచ్చు, అప్పుడు మూడు పళ్ళ బ్రిడ్జి పోయి నాలుగో ఐదో పళ్ళ బ్రిడ్జి, లేదంటే ఇంప్లాంట్లు (ఎముకలో స్క్రూ దింపి పెట్టే పళ్ళు).

ఒకవేళ మొత్తం చేతిలోకి ఊడొస్తే పారేయకండి, డబ్బాలో పెట్టి తీసుకురండి. సూపర్ గ్లూ మాత్రం వద్దు. అది పెట్టుకుని వచ్చినవాళ్ళని చూశాను, మళ్ళీ సరిగ్గా కూర్చోబెట్టడం కుదరక కొత్తది చేయాల్సి వచ్చింది. మందుల షాపులో టెంపరరీ సిమెంటు దొరుకుతుంది, అదైనా రెండు మూడు రోజులకే, దాంతో నిద్రపోవద్దు, మింగేసే ప్రమాదం ఉంది.

విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నల సంగతి కూడా చెప్పాలి. షుగరు ఉన్నవాళ్ళు, రెండు పక్కలా పొడుగు బ్రిడ్జిలు ఉన్నవాళ్ళు, ఆరు నెలల కోసం వస్తారు. విజిటర్ ఇన్సూరెన్సులు ఎక్కువగా హఠాత్తుగా వచ్చిన పంటి నొప్పికి కొద్ది మొత్తం ఇస్తాయే తప్ప బ్రిడ్జి మార్చడానికి ఇవ్వవు. అక్కడ బయల్దేరకముందే ఒకసారి చూపించి, కదిలేవి ఉంటే సరిచేయించి, ఎక్స్‌రే ఫోటో ఫోన్లో పంపమనండి. జంతికలూ వక్కపొడీ ఏ పక్క నములుతున్నారో అడగండి. ఆ ఆంటీలకి అద్దం ముందు థ్రెడర్ చూపిస్తే ఎంత శ్రద్ధగా నేర్చుకుంటారో, వాళ్ళ పిల్లలకన్నా వాళ్ళే నయం.

డిసెంబరులో వెళ్ళి బ్రిడ్జి కట్టించుకుందామని అనుకుంటున్నవాళ్ళు సెప్టెంబరులోనే ఇక్కడ ఎక్స్‌రే తీయించుకోండి. పీకాల్సిన పన్ను ఉంటే ఇక్కడే పీకించేసుకోండి, ఇన్సూరెన్సు దానికి మామూలుగా బ్రిడ్జి కన్నా ఎక్కువ భాగం కడుతుంది, వెళ్ళేసరికి చిగురు మానుతుంది. ఎక్స్‌రేలు మెయిల్‌లో అడిగి తీసుకెళ్ళండి, అక్కడినుంచి వచ్చేటప్పుడు ఏ పళ్ళకి రూట్ కెనాల్ చేశారో, క్యాపు ఏ మెటీరియలో, ఏ సిమెంటు వాడారో ఒక కాగితం మీద రాయించుకుని రండి. ఆ కాగితం ఉంటే ఇక్కడ మా పని సగం తగ్గుతుంది.