మాడిన దూలం

రాత్రి రెండున్నరకి పక్క షాపు అన్న ఫోన్ చేశాడు. "చెల్లెమ్మా, హోటల్లో నించి పొగ వస్తాంది, బిరీన రండి." మేం పోయేసరికి స్టోరు రూము, దాని పైన అటక మండిపోతున్నాయి. పాత వైరింగ్ దగ్గర అంటుకుంది. పక్కనే నూనె డబ్బాలు, విస్తరాకుల కట్టలు. లోపల మనుషులెవరూ లేరు, దేవుడి దయ.

చిత్తూరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పటి మిద్దె మాది. టేకు దూలాలు, వాటిమీద దంతెలు, దంతెలమీద నిలువుగా పేర్చిన పలచటి ఇటుకలు, పైన సున్నపు గచ్చు. కోర్టు వాయిదాలకొచ్చేవాళ్లు, బెల్లం మండీ వాళ్లు మా తాత కాలం నుంచీ అక్కడే కూర్చుని కాఫీ తాగారు. చూడ్డానికొచ్చిన ఇంజనీరు పది నిమిషాల్లో తేల్చేశాడు: "కొట్టేసి స్లాబు పోయండి." నాయన కూడా "వద్దులే పాపా, అమ్మేద్దాం" అన్నాడు. నాకు మనసొప్పలేదు.

గుడియాత్తం పక్క పల్లె నుంచి ఒక ముసలి మేస్త్రీని, ఆయనతోపాటు వడ్రంగి ఆచారినీ పిలిపించాం. ఆచారి నిచ్చెనెక్కి బొగ్గులా ఉన్న దూలాన్ని బాడిశతో చెక్కాడు. నల్లటి పెళ్లలు రాలాయి. బొటనవేలి మందం పోయాక లోపల తేనెరంగు టేకు, దాని వాసనతో సహా. ఉలి దిగేసి చూశాడు, దిగలేదు. "దీన్ని పారేస్తే ఇట్లాంటి మాను మళ్లా యాడ దొరుకుతాది నాయనా?" అని కిందున్న మా తమ్ముణ్ణి అడిగాడు. నేను అక్కడే ఏడ్చేశాను.

కొయ్య సుమారు 300 డిగ్రీల దగ్గర బొగ్గవుతుంది. ఆ బొగ్గే లోపలికి వేడి పోకుండా అడ్డుపడుతుంది. అందుకే లావాటి దూలం నిమిషానికి ఒక మిల్లీమీటరు కూడా కాలదు. అదే ఉక్కైతే 550 డిగ్రీల దగ్గర బలం సగానికి పడిపోతుంది. మధ్యలో నాయన ఎప్పుడో వేయించిన ఇనుప గడ్డర్ విల్లులా వంగిపోయింది, దూలాలు మాత్రం నిలబడ్డాయి. ఆరింటిలో నాలుగు దక్కాయి. చంద్రగిరి రాజమహల్‌లో కొయ్యే వాడలేదని, రాయీ ఇటుకా సున్నంతోనే కట్టారని మేస్త్రీ చెప్పాడు. ఆ తెలివి మాకు కనీసం స్టోరు రూము కట్టేటప్పుడైనా ఉండాల్సింది.

అన్నిటికంటే ఓపిక పట్టాల్సింది గోడల విషయంలో. ఫైరింజన్ నీళ్లన్నీ తాగేసి ఉబ్బి ఉన్నాయి. సిమెంటు పూత వేస్తే ఆ తడి లోపలే ఉండిపోతుందని, మూడు నెలలు కిటికీలు తెరిచి ఆరబెట్టించాడు మేస్త్రీ. అద్దె రాదు, వ్యాపారం లేదు, రోజూ టెన్షనే. తర్వాత రాతిసున్నం గుంటలో పోసి నీళ్లు వదిలితే అది కుతకుతా ఉడికింది. కరక్కాయలు దంచి, బెల్లం కలిపి తొట్టెల్లో ఊరబెట్టారు. నాలుగో రోజుకి వీధంతా పులిసిన వాసన. బెల్లం కొనాల్సిన పని పడలేదు. రోజూ పొద్దున్నే మా దగ్గర కాఫీ తాగే మండీ ఆయన అచ్చులు చిట్లిన నల్లబెల్లం ఆటోలో వేసి పంపించాడు, డబ్బు తీసుకోలేదు.

మిద్దెపైన ఇటుక ముక్కలూ సున్నమూ పరిచి, కరక్కాయ నీళ్లు చల్లుతూ ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్కపలకలతో కొట్టారు. మొదట్లో మెత్తగా వినిపించిన ఆ దెబ్బ రోజులు గడిచేకొద్దీ ఖంగుమంటుంటే, మేస్త్రీ చెవి పెట్టి విని "ఇంక చాలు" అన్నాడు. వైరింగ్ మొత్తం కొత్తది, పైపుల్లోంచి. నూనె డబ్బాలకి బయట వేరే గది.

తూర్పు గోడ ఇంకా చెమ్మగానే ఉంది, దానికి రంగు వేయడం లేదు. ఆడికృత్తికకి పాలు పొంగిద్దామనుకున్నాం. కాలినప్పటినుంచీ ఆ వైపు తొంగిచూడని నాయన పోయిన వారం వచ్చాడు. చెక్కిన దూలం కింద చాలాసేపు తలెత్తి నిలబడ్డాడు. ఆ తర్వాత గల్లాపెట్టె ఎక్కడ పెడతావని అడిగాడు. చూపించాను. మధ్యాహ్నం ఎండ మొహాన పడుతుంది, గోడవైపు జరపమన్నాడు. జరిపాం.