శాంటా ఫేలో కొన్న నల్ల కుండ

ఆగస్టులో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఉన్న శాంటా ఫే ఇండియన్ మార్కెట్‌కి వెళ్లడం నాకిది మూడోసారి. అమెరికా ఆదివాసీ (నేటివ్ అమెరికన్) కళాకారులు తాము చేసినవి తెచ్చి అమ్మే సంత ఇది, 1922లో మొదలైంది. ఊరి నడిమధ్య ఉండే ప్లాజా చుట్టూ వీధుల నిండా బూత్‌లే, మంచి కుండలు కావాలంటే మాత్రం పొద్దున్నే వెళ్లాలి.

మొదటిసారి వెళ్లినప్పుడు సాన్ ఇల్దెఫాన్సో అనే ఆదివాసీ ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడని "కుమ్మరి సారె ఎక్కడ పెట్టుకుంటారు?" అని అడిగేశాను. ఆవిడ నవ్వి, సారె లేదు, మట్టిని తాళ్లలా చేసి ఒక చుట్ట మీద ఇంకో చుట్ట పేర్చి చేత్తోనే నున్నగా చేస్తాం, ఆ మెరుపు గులకరాయితో గంటల తరబడి రుద్దితే వస్తుంది, ఈ రాయి మా అమ్మమ్మది అని చెప్పింది. కాల్చేటప్పుడు మంటని పొడి పేడతో కప్పేస్తే గాలాడక, పొగకి కుండ నల్లబడుతుందట. పిడకల పొయ్యి చూసినవాళ్లం కదా, అది మాత్రం ఇట్టే అర్థమైంది! నలుపు మీద నలుపు డిజైన్లు వేసే ఈ పద్ధతికి పేరు తెచ్చింది అదే ఊరి మరియా, జూలియన్ మార్టినెజ్ దంపతులు, 1920 ప్రాంతంలో.

అకోమా అనే ఇంకో ఆదివాసీ ఊరి కుండలు వేరే రకం. తెల్లటి పూత మీద యక్కా అనే ఎడారి మొక్క ఆకుతో చేసిన కుంచెతో వెంట్రుకంత సన్నని గీతలు, మట్టిలో పాత కుండ పెంకుల పొడి.

కొనేముందు చేత్తో చేసిందా, అచ్చులో పోసిందా అని అడగండి, ఏం అనుకోరు. నేనైతే బేరమాడను. ఇంకోటి, తడిగుడ్డతో తుడవకండి. నా మొదటి కుండ మీద ఆ మరక ఇప్పటికీ ఉంది.