ఊపిరితో బయటికి పోయే గ్లూకోజ్

పరుగు అలవాటయ్యాక నా ఒంటి మీద నాకు కొత్త గౌరవం పుట్టింది. రొప్పుతూ ఆగినప్పుడల్లా ఒకటే ఆలోచన: ఇప్పుడు వదులుతున్న కార్బన్ డయాక్సైడ్‌లోని కార్బన్ కాసేపటి క్రితం గ్లూకోజ్‌లోనో, కొవ్వులోనో ఉండేది కదా!

కణంలోకి చేరిన గ్లూకోజ్ ముందు పైరువేట్ అనే రెండు చిన్న అణువులుగా చీలుతుంది. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు, కానీ మిగిలేది రెండు ఏటీపీలే (కణం పనులకు శక్తినిచ్చే అణువులివి). అసలు రాబడంతా కణంలోని శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలో. కార్బన్ అక్కడే కార్బన్ డయాక్సైడ్‌గా పూర్తిగా విడిపోతుంది (జీవరసాయన శాస్త్రవేత్త హాన్స్ క్రెబ్స్ 1937లో వివరించిన రసాయన చర్యల వలయం ఇందులో భాగమే). గ్లూకోజ్ నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఒక అణువు నుంచి మరోదానికి చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి, అప్పుడు నీరు పుడుతుంది. అంటే మనం పీల్చిన ఆక్సిజన్ చేరేది నీటిలోకి. ఇది తెలిసినప్పుడు చాలాసేపు అదే తలుచుకుంటూ కూర్చున్నాను. ఈలోగా ఆ ఎలక్ట్రాన్ల శక్తి మైటోకాండ్రియా లోపలి పొర అవతలికి నెట్టిన ప్రోటాన్లు తిరిగి లోపలికి వస్తూ ఏటీపీ సింథేస్ అనే ఎంజైమును తిరగలిలా తిప్పుతాయి, ఏటీపీ తయారయ్యేది అలాగే. అవును, అది నిజంగానే తిరుగుతుంది! ఒక్క గ్లూకోజ్ నుంచి మొత్తం సుమారు 30 ఏటీపీలు.

వేగం పెంచితే కండరంలో పైరువేట్ నుంచి తయారయ్యే లాక్టేట్ పెరుగుతుంది. దాన్ని వ్యర్థం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది. కాలేయమైతే మళ్లీ గ్లూకోజ్‌గా మార్చి రక్తంలోకి పంపుతుంది. దీన్ని గుర్తించిన గెర్టీ, కార్ల్ కోరి దంపతుల పేరుతోనే కోరి చక్రం అంటారు. కండరానికి రెండు ఏటీపీలు దక్కిన చోట, ఆ గ్లూకోజ్‌ను తిరిగి కట్టడానికి కాలేయం ఆరు ఖర్చుపెడుతుంది.