నడివేసవిలో మా మిద్దె మీద కాసిన కాయలు

మే రెండో వారంలో ఒకరోజు పొద్దున్నే కోసుకొచ్చినవన్నీ వంటింటి గట్టు మీద పోసి తూకం వేశాను. కిలోంపావు సొరకాయ ఒకటి, 600 గ్రాముల బెండకాయలు, రెండు దోసకాయలు, ఏడు వంకాయలు, ఒక పెద్ద కట్టంత గోంగూర. నలుగురున్న ఇంటికి రెండు రోజుల కూర. ఆ వారమంతా హైదరాబాద్‌లో ఎండ 42 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంది, చెప్పులు లేకుండా మిద్దె మీద అడుగు పెట్టలేం. నిరుడు ఇదే రోజులకు మా తోటలో ఎండిన తీగలు, ఖాళీ గ్రో బ్యాగులు తప్ప ఏమీ లేవు.

నిరుడు నేను ఉగాది అయ్యాక విత్తనాలు వేశాను. ఎండాకాలం కూరగాయలు కదా, ఎండాకాలంలోనే వేయాలనుకున్నాను. నాలుగాకులు వేసేసరికి ఏప్రిల్ ఎండ వచ్చి పడింది. ఈసారి సంక్రాంతి కాగానే, జనవరి చివరి వారంలో వేశాను. ఎండ ముదిరే నాటికి వేళ్లు బ్యాగు అడుగుదాకా దిగి ఉన్నాయి, సొరతీగ పందిరి ఎక్కింది. మిగతా మార్పులన్నీ ఒక ఎత్తు, ఈ రెండు నెలల ముందుచూపు ఒక ఎత్తు.

నీళ్ల సంగతి కూడా ఆలస్యంగానే తెలిసింది. నిరుడు సాయంత్రం నాలుగింటికి పైపుతో నీళ్లు పట్టేదాన్ని. ఎండలో పడున్న పైపులో నీళ్లు చెయ్యి పెట్టలేనంతగా కాగి ఉంటాయి. ఆ వేడినీళ్లన్నీ నేరుగా మొక్కల మొదట్లోనే పోశాను! ఇప్పుడు పొద్దున ఆరింటికి ఒకసారి, మరీ వాడినట్టుంటే పొద్దు వాలాక ఇంకోసారి. అది కూడా పైపులో ముందు వచ్చే నీళ్లు బకెట్‌లోకి వదిలేశాకే. ఫిబ్రవరి, మార్చిలో మా వీధి వేపచెట్టు రాల్చిన ఆకులు గోనెసంచుల్లో దాచి, ప్రతి బ్యాగులో నాలుగు వేళ్ల మందాన పరిచాను. మధ్యాహ్నం ఆ ఆకులు తీసి చూస్తే కింద మట్టి చల్లగా తగులుతుంది. వంగ, బెండ మీద సగం ఎండను ఆపే 50 శాతం షేడ్ నెట్ కట్టాం. సొరపందిరి కింద తోటకూర, పుదీనా పెట్టాను. వాటికి పందిరి నీడే సరిపోయింది.

ఇక సొరకాయ. ఏప్రిల్ మొదట్లో తీగ నిండా పూత, పిందెలు. చూసి ఎంత సంబరపడ్డానో. బొటనవేలంత పిందె, మూడోనాటికి పసుపు పచ్చగా మారి, కుళ్లి, రాలిపోయేది. ఒకటి కాదు, పదకొండు పిందెలు పోయాయి. ఎరువు తక్కువైందేమోనని వర్మీకంపోస్టు వేశాను. పుల్ల మజ్జిగ పలచగా చేసి కొట్టాను. ఏమీ మారలేదు. టెన్షన్ పడి అమ్మకు ఫోన్ చేస్తే, "తేనెటీగలు వస్తున్నాయా?" అని అడిగింది.

"పొద్దున్నే చూస్తున్నానమ్మా, దోసపూల మీద వాలుతున్నాయి. సొరపూల మీదికి మాత్రం రావట్లేదు."

"పొద్దున చూస్తే ఏముంటుందే? సొరపువ్వు దీపాలవేళకి కదా విచ్చుకునేది. తెల్లారేసరికి వాడిపోతుంది."

రెండేళ్లుగా పెంచుతూ ఆ పువ్వు పూర్తిగా విచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం ఆరున్నరకు పైకి వెళ్లాను. పందిరి మీద తెల్లటి పూలు, పలచటి ముడతల కాగితంలా, ఒక్కొక్కటే విచ్చుకుంటున్నాయి. పల్లెలో అయితే చీకటిపడ్డాక రెక్కల పురుగులు వచ్చి వీటి పని చూసుకుంటాయి. మూడో అంతస్తు మిద్దె మీదికి అవి ఎన్ని వస్తాయి? అందుకని ఆ పని నేనే చేశాను. సన్నటి కాడ మీద ఉండేది మగపువ్వు, అడుగున చిన్న పిందెతో ఉండేది ఆడపువ్వు. మగపువ్వు ఒకటి కోసి, రేకులు తీసేసి, మధ్యలోని పుప్పొడి ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దాలి. ఆ రోజు రెండు పూలకు అద్ది, గుర్తుకు ఎర్రదారం కట్టాను.

నాలుగో రోజుకు రెండు పిందెలూ పచ్చగానే ఉన్నాయి, కాస్త లావెక్కి కిందికి వంగాయి. పద్నాలుగో రోజు మొదటి కాయ కోశాను. గోరు గుచ్చితే దిగాలి, అప్పుడే కూరకు లేత. ఆ రోజు నుంచి మా ఇంట్లో దీపం పెట్టాక మిద్దె ఎక్కడం అలవాటైంది. మా పాప మగపూలు వెతికి ఇస్తుంది. బీరపూలు కూడా సాయంత్రమే విచ్చుకుంటాయి, వాటికీ ఇదే పద్ధతి.

బెండకాయ దగ్గర ఒకటే మాట, రోజు విడిచి రోజు కోయాలి. చివర వంచితే టక్కున విరగాలి. పెళ్లికని ఊరెళ్లి నాలుగు రోజులు కోయకపోతే కాయలు ముదిరిపోవడమే కాదు, కొత్త పూత కూడా తగ్గింది. ఆకుల అడుగున ఎర్రనల్లి అనే సన్నటి పురుగు వచ్చినప్పుడు ముందు నీళ్లు గట్టిగా కొట్టాను, తర్వాత లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి పొద్దు గూకాక పిచికారీ చేశాను. ఎండలో కొడితే ఆకులు మాడతాయి. దోసపిందెలకు పండు ఈగ కుట్టకుండా పాత చున్నీ గుడ్డతో సంచులు కుట్టి తొడిగాను. టమాటా ఈ ఎండలకు పూత నిలపదు, దానిమీద ఆశ పెట్టుకోలేదు.

ఇంకొకటి తప్పకుండా చెప్పాలి. దోసకాయ పప్పులో వేసేముందు చిన్న ముక్క కొరికి చూడటం మనందరికీ అలవాటే. సొరకాయకు కూడా అలాగే చూడండి. చేదుగా ఉంటే మొత్తం పారేయండి, ఒక్క ముక్క కూడా ఉంచొద్దు. చేదు సొరకాయ రసం తాగి మనదేశంలో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ పదిహేను రోజులూ కోత సగానికి తగ్గింది, అయినా ఆగలేదు. మృగశిర ప్రవేశించి మొదటి వాన పడ్డాక షేడ్ నెట్ విప్పేశాం. పందిరికి ఎర్రదారం కట్టిన సొరకాయ ఒకటి కోయకుండా వదిలేశాను. దాన్ని విత్తనానికి ఉంచమని అమ్మ చెప్పింది, పైపెంకు గట్టిపడి, ఊపితే లోపల గింజలు గలగలమనేదాకా.