సాస్ రుచి చూశాకే సీసా తీయండి

చికెన్‌కి వైట్ వైన్, ఎర్ర మాంసానికి రెడ్ వైన్ అనే పాత లెక్క అరగంటలో ముగించే ఆసియా వంటల దగ్గర పెద్దగా పనిచేయదు. ఈ వంటల్లో నాలుకకు ముందు తగిలేది మాంసం కాదు, సాస్. అవే చికెన్ ముక్కల్ని సోయా, అల్లంతో వేయిస్తే ఒక వైన్ నప్పుతుంది. కొబ్బరిపాలలో గ్రీన్ కర్రీ పేస్ట్‌తో ఉడికిస్తే ఇంకొకటి కావాలి. తేనె కలిపి టెరియాకీ (జపాన్ తరహా తీపి సోయా సాస్ వంట) చేస్తే ఆ రెండూ నప్పవు. అందుకే పొయ్యి కట్టేసే ముందు చెంచాతో సాస్ నోట్లో వేసుకుని చూడండి. కారం, తీపి, పులుపు, ఉప్పు, ఉమామి (పుట్టగొడుగుల్లో, సోయా సాస్‌లో తగిలే కమ్మటి రుచి), వీటిలో ఏది పైచేయిగా ఉందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది కారం దగ్గర. మిరపలోని క్యాప్సైసిన్ నోట్లో మంటను పసిగట్టే గ్రాహకాలను తాకుతుంది. ఆల్కహాల్ కూడా వాటినే రెచ్చగొడుతుంది. 14.5 శాతం ఆల్కహాల్ ఉన్న రెడ్ వైన్‌ని కారం నూడుల్స్‌తో తాగితే మంట పెరుగుతుంది, పైగా వైన్‌లోని పండు రుచి మాయమై చేదు మిగులుతుంది. కారాన్ని తగ్గించేది తీపి, చల్లదనం. కాబట్టి కారం వంటకు నా మొదటి ఎంపిక జర్మనీలోని మోసెల్ లోయ నుంచి వచ్చే రీస్లింగ్ అనే వైట్ వైన్, అందులోనూ కాబినెట్ అనే తేలికపాటి రకం. అందులో ఆల్కహాల్ తరచుగా 8, 9 శాతమే ఉంటుంది. ద్రాక్షలోని చక్కెర అంతా పులిసిపోకముందే ఆపేస్తారు కాబట్టి కాస్త తీపి మిగులుతుంది, దాన్ని మొహం మొత్తనివ్వని పులుపు పక్కనే ఉంటుంది. లేబుల్ మీద 'ట్రోకెన్' అని ఉంటే అది తీపి లేని రకం, కారానికి వద్దు. ఆ మాట లేకపోతే ఆల్కహాల్ శాతం చూడండి. జర్మన్ రీస్లింగ్‌లో అది 10 లోపు ఉంటే తీపి ఉన్నట్టే. 12 దాటితే చాలావరకు డ్రై, అంటే తీపి లేనిది.

కారం వంటకు ఇంకో వైట్ వైన్, గెవుర్ట్స్‌ట్రామినర్ తెరవమని చాలా చోట్ల రాస్తారు. నేను ఒప్పుకోను. దాని లిచీ, గులాబీ వాసన అల్లానికీ కొబ్బరిపాలకూ భలే నప్పుతుంది, నిజమే. కానీ ఆల్కహాల్ 13, 14 శాతం దాకా ఉంటుంది, పులుపు తక్కువ. 400 మిల్లీలీటర్ల కొబ్బరిపాలకు ఒక పెద్ద చెంచా కర్రీ పేస్ట్ మాత్రమే వేసి కమ్మగా వండితే తెరవండి. మూడు చెంచాలు వేస్తే మాత్రం రీస్లింగ్ వైపే వెళ్ళండి.

తీపి సాస్‌కు నియమం ఒక్కటే: వైన్ కూడా కనీసం అంతే తియ్యగా ఉండాలి. లేకపోతే పక్కనున్న తీపి వల్ల వైన్ పలచగా, నిమ్మనీళ్ళలా అనిపిస్తుంది. ఇద్దరికి సరిపడే టెరియాకీలో రెండు పెద్ద చెంచాల సోయా సాస్, రెండు చెంచాల మిరిన్ (వంటలో వాడే జపాన్ తీపి బియ్యపు వైన్), ఒక చెంచా చక్కెర వేశారనుకోండి, డ్రై వైన్ ఏదీ దాని ముందు నిలవదు. కాబినెట్ కంటే తియ్యగా ఉండే ష్పేట్‌లీజె రకం తీసుకోవాలి, లేదా చక్కెరను ఒక చిన్న చెంచాకు తగ్గించి డ్రై రోజే (గులాబీ రంగు) వైన్ పోసుకోవాలి. సీసా ఇప్పటికే తెరిచి ఉంటే రెండోదే తేలిక.

ఉమామి చేసే తంటా అంత సులువుగా పట్టుబడదు. పుట్టగొడుగులు, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద), దాషి (జపాన్ చారు), ఎండు చేపల రుచి ఉన్న చారు, ఇవన్నీ వైన్‌లోని చేదునూ వగరునూ పైకి లాగుతాయి. ఉప్పు, పులుపు దానికి విరుగుడు. సోయా సాస్‌లో ఉమామితో పాటు ఉప్పు కూడా దండిగా ఉంటుంది కాబట్టే అది వైన్‌తో అంతగా గొడవపడదు. నమ్మకం కుదరకపోతే ఉప్పు లేకుండా వేయించిన ఒక షిటాకే పుట్టగొడుగు ముక్క తిని వైన్ ఒక గుక్క తాగండి. తర్వాత అదే ముక్క మీద చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల నిమ్మరసం వేసి మళ్ళీ చూడండి. అదే వైన్ మెత్తబడుతుంది. భోజనం మధ్యలో వైన్ చేదనిపిస్తే ఇంకో సీసా వెతకనక్కర్లేదు. కంచంలో అర చిన్న చెంచా నిమ్మరసం పిండి చూడండి.

రెడ్ వైన్ లేనిదే తోచనివాళ్ళు టానిన్ తక్కువ ఉన్నది, అంటే వగరు తక్కువ ఉన్నది ఎంచుకోవాలి. ఫ్రాన్స్‌లోని బోజొలే ప్రాంతపు గమే, లేదా తేలికపాటి పినో న్వార్. వగరు ఎక్కువుండే, ఓక్ పీపాలో పెంచిన కబర్నే సావిన్యోన్‌ని వేరే రోజుకు ఉంచండి. గమేని గది వేడిలో కాకుండా 13 డిగ్రీల దగ్గర తాగాలి, అంటే ఫ్రిజ్‌లో ముప్పావుగంట. బ్లాక్ బీన్ సాస్ వేసిన బీఫ్‌కీ, ఐదు మసాలాల పొడి పట్టించిన పోర్క్‌కీ ఇది చక్కటి జోడీ. చేపలూ రొయ్యలూ ఉన్న రోజు మాత్రం రెడ్ వద్దు. వాటితో కొన్ని రెడ్ వైన్లు తాగాక నోట్లో మిగిలే నీచు రుచికి వాటిలోని ఇనుము కారణమని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు. అయితే ఇనుము ఎంతుందో లేబుల్ చెప్పదు.

నిమ్మగడ్డి, పుదీనా, కొత్తిమీర, నిమ్మరసం కలిసిన వియత్నాం తరహా నూడుల్స్‌కు సావిన్యోన్ బ్లాంక్ అనే పుల్లటి వైట్ వైన్ సరిపోతుంది. వంటలో పులుపు ఎక్కువైతే వైన్ చప్పబడుతుంది కాబట్టి వైన్‌లో కనీసం అంతే పులుపుండాలి. డంప్లింగ్స్ ముంచుకునే సాస్‌లోనూ ఇదే చిక్కు. సోయా రెండు పాళ్ళకు బియ్యపు వెనిగర్ ఒక పాలు మించితే ఏ వైనూ రుచించదు. నూనెలో వేయించినవాటికీ ఫ్రైడ్ రైస్‌కూ బుడగలున్న వైన్ బాగుంటుంది, జిడ్డును కోసేస్తుంది. ఇటలీ బుడగల వైన్ ప్రొసెక్కో కొనేటప్పుడు ఒక మెలిక ఉంది: 'ఎక్స్‌ట్రా డ్రై' అని రాసి ఉన్నది 'బ్రూట్' కంటే తియ్యగా ఉంటుంది. లీటరుకు 12 నుంచి 17 గ్రాముల చక్కెర ఉంటుంది. ఫ్రైడ్ రైస్‌లో మిరపకాయలు వేస్తే అదే మేలు, వేయకపోతే బ్రూట్.

750 మిల్లీలీటర్ల సీసా 150 చొప్పున ఐదు గ్లాసులు. ఇద్దరే ఉంటే మిగులుతుంది. బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, రెడ్ అయినా సరే. వైట్, రోజే మూడు నాలుగు రోజులు ఆగుతాయి. బుడగలున్నవాటికి పట్టి ఉంచే ప్రత్యేకమైన మూత కావాలి, అప్పుడు కూడా మర్నాటికల్లా ముగించాలి. పుట్టగొడుగుల వంటకు ఫీనో షెర్రీ (స్పెయిన్ నుంచి వచ్చే డ్రై వైన్) తెరిచి ఉంటే, మిగిలినదాన్ని రెండు పెద్ద చెంచాలు చొప్పున షావోషింగ్ అనే చైనా వంట వైన్ బదులు తర్వాతి వేపుళ్ళలో వాడేయొచ్చు. మూకుడు బాగా కాలాక అంచు వెంట పోసి, వాసనలోని ఘాటు పోయేదాకా ఆగి, ఆ తర్వాతే సోయా సాస్ వేయండి.