దారువు రసంలో ప్రోటీన్ కోసం: ఆరో ప్రయత్నమూ విఫలమే

ఫ్యుజేరియం అనే శిలీంధ్రం వల్ల ఎండు తెగులు సోకిన టమాటా కాండం నుంచి దారువు (వేళ్ల నుంచి నీటిని పైకి చేర్చే నాళాలు) రసం సేకరించి, అందులో ప్రోటీన్ ఉన్నట్లు కనీసం రంగు మార్పుతోనైనా చూడాలన్న నా పట్టుదల నిన్న ఆరోసారి బెడిసికొట్టింది. ప్రోటీన్ ఉంటే ఊదాగా మారే బైయురెట్ ద్రావణం అరగంట తర్వాత కూడా మొదటి నీలి రంగులోనే ఉంది, ఊదా ఛాయ జాడైనా లేదు.

తెగులు విషయంలో ఈసారి సందేహం లేదు. కోసిన కాండం నీటిలో పాలలాంటి ధార వదలలేదు కనుక అది బాక్టీరియా కాదు. అగార్ (శిలీంధ్రాన్ని పెంచే జిగురు మాధ్యమం) మీద నాలుగో రోజుకు లేత ఊదా బూజు, కొడవలి ఆకారపు సిద్ధబీజాలు వచ్చాయి, ఇవి ఫ్యుజేరియం లక్షణాలు.

చిక్కంతా రసం దగ్గరే ఉంది. ముందురోజు సాయంత్రం కుండీలకు నిండా నీరు పెట్టి, ఉదయం ఆరు గంటలకు రెండో నిజ ఆకు కింద కాండం కోసి, కుండీని పక్కకు పడుకోబెట్టి, మంచులో ఉంచిన గొట్టంలోకి ఆరు గంటలపాటు రసం కారనిచ్చాను. ఆరోగ్యంగా ఉన్న మొక్క 1.6 మి.లీ. ఇచ్చింది, అడుగు ఆకులు పసుపుబారిన మొక్క 0.3 మి.లీ. ఇచ్చింది, పూర్తిగా వాడినదానికి కోత చోట తడి తప్ప ఏమీ రాలేదు. నాళాలు జిగురుతోనూ టైలోజులతోనూ (పక్క కణాలు నాళంలోకి ఉబ్బి ఏర్పడే బుడిపెలు) మూసుకుపోయాక, రసాన్ని పైకి నెట్టే వేరు ఒత్తిడి ఎంత ఉన్నా ప్రయోజనం లేదని, అంటే తెగులు ముదిరేకొద్దీ నాకు కావలసిన రసమే దొరకదని నా ఊహ. నాలుగోసారి కనబడిన లేత ఊదా రంగును లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే కోత చోట మొదటి చుక్కలను అద్ది తీసేయకపోవడం వల్ల నలిగిన కణాల రసం కలిసి, ఆరోగ్యకరమైన మొక్క రసం కూడా అదే రంగు చూపింది.

అసలు లోపం పరీక్షలోనే ఉందేమోనని కోడిగుడ్డు తెల్లసొనతో సరిచూశాను. 100 రెట్లు పలుచన చేస్తే, అంటే మిల్లీలీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము ప్రోటీన్ దగ్గర, రంగు అనుమానాస్పదంగా మాత్రమే కనిపించింది; 1000 రెట్ల దగ్గర ఏమీ లేదు. దారువు రసంలో ప్రోటీన్ అంతకంటే చాలా తక్కువ కనుక బైయురెట్‌ను నమ్ముకోవడమే నా పొరపాటు.

2004లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఫ్యుజేరియం ఆక్సీస్పోరం విడుదల చేసే సిక్స్1 అనే చిన్న ప్రోటీన్‌ను గురించి ప్రకటించింది ఇటువంటి రసం ఆధారంగానే, కానీ వారికి మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువులను వాటి ద్రవ్యరాశితో గుర్తించే పద్ధతి) ఉంది. నాకు ఊదా రంగు వచ్చినా అది శిలీంధ్రానిదో, మొక్క తన రక్షణకు వదిలినదో తేలదు. ఈ తగవులో నన్ను కట్టిపడేసేది శిలీంధ్రం వదిలే మరో ప్రోటీన్ ఏవీఆర్2: తెగులు బలంగా సోకడానికి శిలీంధ్రానికి అది అవసరం, కానీ ఐ-2 జన్యువున్న టమాటా దానినే ఆనవాలుగా పట్టుకుని అడ్డుకుంటుంది. ఆ గుర్తింపును సైతం అణచే ఏవీఆర్1 అనే ప్రోటీన్ ఉన్న శిలీంధ్ర రకాలూ ఉన్నాయి. దానిని మళ్లీ టమాటాలోని ఐ అనే మరో జన్యువు పసిగడుతుంది.

వచ్చే విడతలో ప్రోటీన్‌కు అంటుకుని నీలంగా మారే కూమాసీ రంగుతో, అడుగు ఆకు పసుపుబారిన రోజే రసం తీస్తాను. విత్తన ప్యాకెట్ మీద ‘ఎఫ్’ అక్షరమున్న (ఫ్యుజేరియంను తట్టుకునే) రకాన్ని పక్కనే పెంచుతాను. ఈ మొక్కలు పెంచిన మట్టిలో ఈ శిలీంధ్రం ఏళ్ల తరబడి బతుకుతుంది కనుక దానిని బయట పారేయకుండా, వంటకు వాడని పాత కుక్కర్‌లో గంటసేపు ఉడికిస్తున్నాను. మా ఇంట్లో ఆ వాసన గురించి ఫిర్యాదులు మొదలయ్యాయి, అందుకే ఈ వారం ఆ పనిని డాబా మీదికి మార్చాలి.